పిల్లలకు ఫిజియోథెరపీ: బెంగళూరులో ఎలా మొదలుపెట్టాలి, ఇంట్లో ఎలా సాగించాలి

పిల్లల ఫిజియోథెరపీకి మా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది మొదటి రోజే "ఎన్ని సెషన్లు పడతాయండీ?" అని అడుగుతారు. మారతహళ్లి అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు, హిందూపురం నుంచో కుప్పం నుంచో తెల్లవారుజామున రైలెక్కి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు. అంకె చెప్పడం కష్టం. బిడ్డ మా దగ్గర గడిపేది వారానికి రెండు మూడు గంటలు. తినడం, ఆడటం, స్నానం, మెట్లెక్కడం అన్నీ ఇంట్లోనే. ఆ పనుల్లో తన కాళ్లూ చేతులూ తాను ఎంత ఎక్కువ వాడితే కదలిక అంత మెరుగుపడుతుంది. అవి ఇంట్లో ఎలా చేయించాలన్నదే థెరపిస్టు దగ్గర మీరు ముఖ్యంగా నేర్చుకోవాల్సింది. అందుకే ఇక్కడ ఆసుపత్రి గురించి కొంచెం, ఇంటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

1. చూసింది చూసినట్టు రాసుకోండి

డాక్టరు మొదట అడిగేవి ఇవే: మెడ ఎప్పుడు నిలిచింది, బోర్లా ఎప్పుడు పడింది, ఆసరా లేకుండా ఎప్పుడు కూర్చుంది? కంగారులో తేదీలు గుర్తుకు రావు. అమ్మమ్మనో నానమ్మనో అడగండి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్లలో అది ఏ పండక్కి ముందో, ఎవరి పెళ్లి తర్వాతో వాళ్లు కచ్చితంగా చెబుతారు. ఫోన్‌లో పాత వీడియోలకు కూడా తేదీ ఉంటుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే వయసును సరిచేసి లెక్కేయాలి. 32 వారాలకే పుట్టి ఇప్పుడు 8 నెలలుంటే, 8 వారాలు తీసేసి సుమారు 6 నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్లు నిండేదాకా ఈ లెక్క పాటిస్తాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ప్రకారం పిల్లలు ఆసరా లేకుండా కూర్చునేది సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడిచేది 8 నుంచి 18 నెలల మధ్య. అంటే పక్కింటి పాప పదో నెలలో నడిచిందని మీరు టెన్షన్ పడక్కర్లేదు. దోగాడకుండా నేరుగా నడిచేసే పిల్లలూ ఉన్నారు. కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకూడదు. నాలుగు నెలలు దాటినా మెడ వాలిపోవడం, పిడికిళ్లు ఎప్పుడూ బిగిసే ఉండటం, కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికొకటి రావడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం, 18 నెలలైనా నడవకపోవడం, ఏడాది లోపే ఒక చేతిని మాత్రమే వాడటం, అన్నిటికంటే ముఖ్యంగా ఒకసారి నేర్చుకున్న పని మళ్లీ చేయలేకపోవడం. "వాళ్ల నాన్న కూడా లేటుగానే నడిచాడు" అనే మాట ప్రేమతోనే అంటారు గానీ, దాన్ని నమ్మి ఏడాది వదిలేసిన కుటుంబాలను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. చూపించుకున్నాక ఏమీ లేదని తేలితే పోయేదేమీ లేదు.

ఒక్క నిమిషం వీడియో తీయండి. పాదాలకు ఏమీ లేకుండా, మోకాళ్లు కనిపించేలా, ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి. కాస్త పెద్ద పిల్లలైతే నేల మీద నుంచి లేవడం తప్పకుండా తీయండి. ముందు బోర్లా తిరిగి, పిర్రలు పైకెత్తి, చేతులు మోకాళ్ల మీద పెట్టి, అక్కణ్నుంచి తొడల మీదికి జరుపుకుంటూ లేస్తున్నాడా? పిక్కలు లావుగా ఉన్నాయా? పరుగెత్తలేక తరచూ పడుతున్నాడా? ముఖ్యంగా మూడు నుంచి ఐదేళ్ల మగపిల్లల్లో ఇలా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పి సీపీకే అనే రక్తపరీక్ష గురించి అడగండి. మస్కులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు) అన్న అనుమానం తేల్చుకోవడానికి మొదటి మెట్టు అదే.

2. వ్యాయామం కంటే ముందు కారణం

నడక ఆలస్యం కావడానికి కారణం ఒక్కటే ఉండదు. విటమిన్ డి లోపం, థైరాయిడ్ తక్కువగా ఉండటం లాంటివి మందుతో సరిచేయగలిగినవి. సెరిబ్రల్ పాల్సీలో (సీపీ) మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు గానీ, బిడ్డ ఎదిగేకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి, కాబట్టి ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఒళ్లు వదులుగా ఉంటుంది. వాళ్లలో కొందరికి మెడ ఎముకల మధ్య పట్టు తక్కువ, అందుకే పల్టీలు కొట్టించే ముందు డాక్టర్ని అడగాలి. డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీలో కండరాన్ని అలసిపోయేలా వాడిస్తే మేలు జరగకపోగా నష్టం. ఒకే "కాళ్ల వ్యాయామం" ఒకరికి మంచిది, ఇంకొకరికి చెడ్డది. యూట్యూబ్ చూసి మొదలుపెట్టొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అలాగని రోగం పేరు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉండి వచ్చిన బిడ్డకు సీపీ వచ్చే ముప్పు ఉందా లేదా అన్నది, పడుకుని ఉన్నప్పుడు చేసే కదలికలను చూసి, నరాల పరీక్ష చేసి, ఆరు నెలల లోపే చాలావరకు చెప్పగలుగుతున్నారు. ముప్పు ఉందంటే అప్పటి నుంచే పని మొదలవుతుంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఎమ్మారై రిపోర్టు, మీరు తీసిన వీడియో ఒకే ఫైల్లో పెట్టుకోండి.

3. బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి

మొదట పిల్లల డాక్టరు, ఆయన రాసిస్తే పిల్లల న్యూరాలజిస్టు గానీ డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు) గానీ. ప్రభుత్వం వైపు నుంచి ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ఉంది, హోసూరు రోడ్డు వైపు నిమ్హాన్స్ పక్కనే. కండరాల జబ్బులు, నరాల జబ్బుల అనుమానం ఉంటే నిమ్హాన్స్‌కే పంపుతారు. కోరమంగళలో సెయింట్ జాన్స్ ఆసుపత్రి, ఇందిరానగర్‌లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక, లింగరాజపురంలో 1959 నుంచి పనిచేస్తున్న అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ కూడా చాలామందికి తెలిసినవే. ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీ అనే ఉచిత కేంద్రాలు పెట్టారు. బెంగళూరులో పరీక్ష చేయించుకుని, రోజువారీ థెరపీ మీ జిల్లాలోనే సాగించే వీలుందేమో కనుక్కోండి.

పరీక్షలకు ఎంత దూరమైనా వెళ్లండి. థెరపీకి మాత్రం దగ్గరిది చూసుకోండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని గంటన్నర కారులో కూర్చుని వచ్చిన బిడ్డ మా గదిలోకి వచ్చేసరికే అలసి, ఆకలేసి, నిద్రమొహంతో ఉంటుంది. ఇంటికి పావుగంట దూరంలో ఉన్న, పిల్లలతో పనిచేయడం తెలిసిన మామూలు థెరపిస్టే అలాంటి బిడ్డకు ఎక్కువ ఉపయోగం.

4. థెరపిస్టును చూసి ఎంచుకోండి

ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీ లేదా ఎంపీటీ చదివారా, పిల్లలతో పనిచేసిన అనుభవం ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. ఆ తర్వాత మొదటి సెషన్లో పక్కనే కూర్చుని చూడండి. బిడ్డ తనంతట తాను కదులుతోందా, లేక బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ ఎవరో ఆడిస్తున్నారా? సీపీ మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు ఒక విషయం స్పష్టంగా చెబుతున్నాయి. బిడ్డ తనకు కావాల్సిన పనిని తానే ప్రయత్నించి, మళ్లీ మళ్లీ సాధన చేసే పద్ధతులు పనిచేస్తున్నాయి. ఇతరులు కాళ్లు చేతులు లాగి సాగదీయడం వల్ల మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. సాగదీయడం పూర్తిగా మానెయ్యమని కాదు, గంటలో ముప్పావు వంతు అదే అయితే ప్రశ్నించండి.

గంటంతా ఏడ్చిన బిడ్డ ఆరోజు నేర్చుకున్నది చాలా తక్కువ. కొత్త చోటు, కొత్త మనుషులు, మొదట కొంత ఏడుపు మామూలే. వారాలు గడిచినా తలుపు చూడగానే ఏడుస్తుంటే పద్ధతి మార్చమని అడగండి. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే సెంటరు నాకు నచ్చదు. మీరు చూడకపోతే ఇంట్లో ఏం చేయిస్తారు?

ఇక్కడ థెరపిస్టు కన్నడమో హిందీయో ఇంగ్లీషో మాట్లాడతారు, మీ బిడ్డ ఇంట్లో వినేది తెలుగు. రా, కూర్చో, లే, పట్టుకో, చాలు, నొప్పి లాంటి మాటలు ఒక కాగితం మీద వాళ్లకు అర్థమయ్యే లిపిలో రాసివ్వండి. ఇది చిన్న పనే, కానీ బిడ్డ ముఖంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

5. మూడు నెలలకు ఒక లక్ష్యం

"నడవాలి" అంటే అది కోరిక. "సోఫా అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పక్కకు అడుగులేయాలి" అంటే లక్ష్యం. ఇంట్లో మీకు, బిడ్డకు ఇద్దరికీ పనికొచ్చే ఒకటో రెండో లక్ష్యాలు థెరపిస్టుతో కలిసి రాసుకోండి. మొదటి రోజు వీడియో తీసి పెట్టుకుని మూడు నెలల తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే లక్ష్యమైనా మార్చాలి, పద్ధతైనా మార్చాలి.

సీపీ ఉంటే జీఎంఎఫ్‌సీఎస్ (బిడ్డ ఎంతవరకు కదలగలదో చెప్పే కొలమానం) ఎన్నో స్థాయి అని డాక్టర్ని అడగండి. ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిలుంటాయి. ఒకటో స్థాయి పిల్లలు నడుస్తారు, మెట్లెక్కుతారు, పరుగెత్తుతారు కూడా. ఐదో స్థాయిలో మెడ నిలపడానికే సాయం కావాలి. లేవడం, కూర్చోవడం, నడవడం లాంటి పెద్ద కదలికల్లో తాము చేరుకోగలిగినదానికి చాలామంది పిల్లలు ఐదేళ్ల లోపే దగ్గరగా వస్తారు. ఇది తల్లిదండ్రులకు చెప్పడం మాకూ కష్టమే, వినడం ఇంకా కష్టం. అయినా తెలిసి ఉండాలి. నాలుగో స్థాయి బిడ్డను నడిపించడం మీదే పదేళ్లు గడిపేస్తే, చక్రాల కుర్చీని తానే నడుపుకుంటూ బడికి వెళ్లే అవకాశం ఆ పదేళ్లూ పోతుంది.

6. ఇంట్లో ఏం చేయాలి

నెలల బిడ్డకు మొదటి వ్యాయామం బోర్లా పడుకోవడం. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా ఉండి, రెండు మూడు నిమిషాల చొప్పున రోజులో చాలాసార్లు. నిద్రపుచ్చేది మాత్రం వెల్లకిలానే. ఇది మన ఇళ్లకు కొత్తేమీ కాదు. నానమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను బోర్లా వేసి వీపుకు నూనె రాస్తుందే, సరిగ్గా ఆ భంగిమే. ఆమెను ఇంకో నిమిషం అలాగే ఉంచమని, ముందు ఒక గిలకో స్టీలు గ్లాసో పెట్టమని చెప్పండి. మెరిసే వస్తువు కోసం బిడ్డ తల ఎత్తుతుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, చేతులు గుంజి సాగదీయడం మాత్రం ఆపించండి. నూనె మర్దన హాయిగా ఉంటుంది, ఉంచుకోండి. అది బిగుసుకున్న కండరానికి చికిత్స అనుకోవద్దు.

కాళ్లు కత్తెరలా బిగిసే బిడ్డను చంకన ఎత్తుకోండి, రెండు కాళ్లు మీ నడుముకు అటొకటి ఇటొకటి వచ్చేలా. తొడలు విడిపడి ఉంటాయి, తలను తానే నిలుపుకోవాల్సి వస్తుంది. ఒక పూట కుడి వైపు, ఒక పూట ఎడమ వైపు మార్చండి.

కూర్చోగలిగి, లేవడం రాని పిల్లలకు పీట చాలు. ఎత్తు ఎలా ఉండాలంటే, కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే కొంచెం పైకి ఉండాలి. తక్కువైతే పీట మీద ఇంకో పీటో, గట్టి దిండో వేయండి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మడమలు మోకాళ్ల కిందికి కాస్త వెనక్కి. మీరు ఎదురుగా కింద కూర్చుని రెండు మోకాళ్లను మెత్తగా పట్టుకోండి. చేతులు పట్టి పైకి లాగొద్దు. ఇష్టమైన బొమ్మ సోఫా మీద, చేయి ముందుకు చాస్తే గానీ అందనంత దూరంలో పెట్టండి. బొమ్మ కోసం ముందుకు వంగితే ముక్కు కాలి వేళ్ల మీదికి వస్తుంది, అప్పుడు పిర్రలు వాటంతట అవే లేస్తాయి. ఇక్కడే తల్లిదండ్రులకు ఓపిక ఆగదు, ఎత్తేస్తారు. మనసులో పది లెక్కపెట్టండి. ఆరో అంకె దగ్గర తానే కదలడం మొదలుపెట్టిన పిల్లలను చాలామందిని చూశాను. అయిదుసార్లు చేసి ఆపండి, మళ్లీ సాయంత్రం ఇంకో అయిదు. సులువైపోయాక పీట ఎత్తు తగ్గించండి.

ఒక పక్క చేయి బలహీనంగా ఉన్న పిల్లలకు రెండు చేతులూ కావాల్సిన పని వెతకండి. డిసెంబరు, జనవరిలో బెంగళూరు వీధుల నిండా అనపకాయలే (చిక్కుడు జాతి గింజల కాయలు). చిత్తూరు, అనంతపురం వాళ్లకు పితికిపప్పు చేయని చలికాలం ఉండదు. కాయను బలహీనమైన చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఒలవాలి, లేకపోతే కాయ జారిపోతుంది. ఎవరూ "ఆ చేయి వాడు" అని చెప్పకుండానే ఆ చేయి పనిలోకి దిగుతుంది. మొదట కాయ చివర మీరు చీల్చి ఇవ్వండి. నానిన గింజను రెండు వేళ్లతో నొక్కి తొక్కలోంచి పితకడం వేళ్లకు ఇంకా మంచి పని. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలైతే గింజలు గొంతుకు అడ్డం పడతాయి, వాళ్లకు చపాతీ పిండి ముద్ద ఇవ్వండి. బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతినే వాడించే పద్ధతి కూడా ఉంది, బాగా పనిచేస్తుంది. కానీ థెరపిస్టు పర్యవేక్షణ లేకుండా సొంతంగా కట్టేయొద్దు.

మధ్యలో కూర్చోబెట్టి వదిలేసే వాకర్ ఎవరైనా బహుమతిగా ఇచ్చినా పక్కన పెట్టండి. అందులో పిల్లలు మునివేళ్ల మీద తోసుకుంటారు, పైగా మెట్ల మీద నుంచి పడే ప్రమాదం ఉంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. దానికి బదులు వెనక నిలబడి తోసే మూడు చక్రాల చెక్కబండి కొనండి. ముందుకు పరుగెత్తిపోతుంటే రెండు కిలోల బియ్యం సంచి దానికి కట్టండి.

కాళ్లు రెండూ వెనక్కి మడిచి మధ్యలో కూర్చునే పిల్లలను తిట్టొద్దు. బాసింపట్టు వేయలేకపోతే కాళ్లు చాపి కూర్చోమనండి, లేదా చిన్న స్టూలు ఇవ్వండి. నున్నటి టైల్స్ మీద సాక్సులు తీసేయండి. లిఫ్ట్ ఉన్నా ఒక అంతస్తు మెట్లెక్కించండి, కండరాల జబ్బు లేకపోతేనే. ఆదివారం కబ్బన్ పార్కుకో లాల్‌బాగ్‌కో తీసుకెళ్లి గడ్డి మీద, ఎగుడుదిగుడు నేల మీద వదలండి. సమతల నేల మీద రాని తూకం అక్కడ వస్తుంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలకు ఇదంతా చెప్పి ఒప్పించడం ఒక పని. "పాపం, దానికి చేతకాదు" అని ముద్ద నోట్లో పెడతారు. వాళ్లను ఒకసారి సెషన్‌కు తీసుకురండి. కళ్లారా చూశాక మా కంటే పట్టుదలగా చేయిస్తారు. పెరుగన్నం సగం కింద పడినా సరే, స్పూను బిడ్డ చేతిలోనే ఉండనివ్వండి. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి. తరచూ పొలమారుతుంటే, దగ్గుతుంటే మింగడం పరీక్షించే థెరపిస్టుకు చూపించండి.

7. స్ప్లింట్లు, బూట్లు

ఏఎఫ్‌ఓ (పాదాన్ని, చీలమండను సరిగ్గా నిలిపే స్ప్లింట్) రాసిస్తే కొలతలిచ్చి చేయించుకోండి, వేరే పిల్లలు వాడినవి అడిగి తెచ్చుకోవద్దు. లోపల నూలు సాక్సు వేయండి. తీసిన తర్వాత చర్మం చూడండి, ఎర్రటి మచ్చ అరగంటైనా పోకపోతే వాడటం ఆపి మళ్లీ సరిచేయించాలి. బిడ్డ పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి కొలత చూపించాలి. అల్మారాలో దాచిన ఏఎఫ్‌ఓ ఎవరికీ ఉపయోగం లేదు, గుచ్చుకుంటోందంటే చెప్పండి, మార్పిస్తాం.

8. ఎప్పుడు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి

ఫిట్స్ కొత్తగా వచ్చినా, పెరిగినా. నిన్నటిదాకా చేసింది ఇవాళ చేయలేకపోయినా. డైపర్ మారుస్తూ తొడ కదిపినప్పుడు ఏడ్చినా, ఒక కాలు పొట్టిగా కనిపించినా. నడవని సీపీ పిల్లల్లో తుంటి కీలు నొప్పి లేకుండానే మెల్లగా పక్కకు జారుతుంది, బయటికి తెలియదు. అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించాలి, వాయిదా వేయొద్దు. నిలబడని పిల్లల ఎముకలు పెళుసుగా ఉంటాయి, బలంగా వంచితే విరగవచ్చు. ఎంత మంచి థెరపిస్టయినా బలవంతం చేస్తుంటే ఆపమనండి.

స్టెమ్ సెల్స్‌తో సీపీ నయమవుతుందని లక్షలు అడిగేవాళ్లు ఈ నగరంలోనూ తగులుతారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మార్పిడి తప్ప, మిగతావాటికి స్టెమ్ సెల్స్ వాడటం పరిశోధనలో భాగంగా మాత్రమే జరగాలి, అలాంటి పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పొలం అమ్మి ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు ఏ మార్పూ లేకుండానే మళ్లీ మా దగ్గరికి వస్తున్నారు. దయచేసి అమ్మకండి.

9. కాగితాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో సీపీ, మస్కులర్ డిస్ట్రఫీ, ఆటిజం ఉన్నాయి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయండి. సొంత జిల్లాలో గానీ, చికిత్స జరుగుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ పరీక్ష చేయించుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది, కాబట్టి బెంగళూరులో ఉంటున్నామని ఆగిపోకండి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే చాలా సౌకర్యాలు వర్తిస్తాయి. ఆరు నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు అందులో ఒకటి. సీపీ, ఆటిజం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది. థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది, కాబట్టి బిల్లులన్నీ దాచండి. ఆంధ్రప్రదేశ్ రేషన్ కార్డున్న కుటుంబాలు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. అక్కడ వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, దానికి అడిగేది ఆ సర్టిఫికెట్టే.

సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు స్ప్లింట్లు, రిపోర్టుల ఫైలు, ఫిట్స్ మందులు పెట్టెలో కాకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి. వారం పది రోజులు సెషన్లు ఆగినా పరవాలేదు. పీట అక్కడా ఉంటుంది, అరుగులూ మెట్లూ ఉంటాయి, ఎదురుగా కూర్చుని ఆడటానికి అన్నలూ అక్కలూ ఉంటారు. వాళ్లకు కూడా పీట మీద నుంచి ఎలా లేపాలో చూపించి రండి.